వృషభగిరి ప్రతిమలు

కరీంనగరము జిల్లాలో గంగాధర సమీపమున కురిక్యాల యను గ్రామము కలదు. అచటి బొమ్మలగుట్టపై క్రీ. శ. 945 ప్రాంతమున జినవల్లభుడు వ్రాయించిన శాసనములోని మూడు తెనుగు కందములను గూర్చి పండితులు విస్తారముగా చర్చించిరి. గుట్టకు పేరు తెచ్చిన బొమ్మలను మాత్రము అంతగా పట్టించుకొనలేదు. ఇది న్యాయము కాదు.

జినవల్లభుడు పంపకవికి తమ్ముడు. ఆద్యంతజినుల బింబములను, చక్రేశ్వరిని, ఇతర జినప్రతిమలను చెక్కించినట్లు శాసనపు కన్నడ భాగము తెలుపుచున్నది. అనగా బొమ్మయు అక్షరమును ఒక్క సంకల్పమున పుట్టినవి. ఒకటి విడిచి రెండవదానిని చదువుట సగము చదువే.

ఇట్టి కూర్పే ఐరోపాలో తోలుపుటలపై కానవచ్చును. క్రీ. శ. 800 ప్రాంతపు కెల్సు గ్రంథము దూడచర్మముపై వ్రాయబడినది. నేడు డబ్లిన్ నగరమున ట్రినిటీ కళాశాలలో నున్నది. అందు నలుగురు సువార్తికులకు మనుష్యుడు, సింహము, వృషభము, పక్షిరాజు చిహ్నములు. లూకా సువార్త దేవాలయమున యాజకుని సేవతో మొదలగును గనుక బలిపశువైన వృషభ మతనికి చెల్లినది. యోహాను పలుకు మింటి కెగయును గనుక పక్షిరాజు అతనిది.

వృషభమును పక్షిరాజును జైనులకును గుఱుతులే యగుట గమనింపదగినది. వృషభము ఆదినాథుని లాంఛనము. ఆయన శాసనదేవత యగు చక్రేశ్వరికి గరుడుడు వాహనము. శాసనము గుట్టను వృషభగిరి యనుటలో ఆదిజినుని నామమే వినవచ్చును. ఇందుచే ఒక మతము రెండవదానినుండి గ్రహించినదని యనరాదు. జంతు వొక్కటే, అర్థము వేఱు. ఆ యర్థమును తెలుపునది ప్రక్కనున్న వ్రాతయే.

కెల్సు పుటలను 1953లో నాలుగు సంపుటములుగా మరల కుట్టి భద్రపఱచిరి. బొమ్మలగుట్టకో, గ్రానైటు తవ్వకములవలన శిలకే చేటు కలుగునను భయ మేర్పడినది.