ఏడాది చివరి ఎనిమిది రోజులు, 500 కిలోమీటర్లు: చలికాలపు సైకిల్ సవాలు లెక్కేమిటి?

డిసెంబర్ 24న మొదలై 31 అర్ధరాత్రికి ముగిసే ఎనిమిది రోజుల్లో సైకిల్ మీద 500 కిలోమీటర్లు పూర్తి చేయాలి. 'ఫెస్టివ్ 500' పేరుతో ప్రపంచమంతటా సైకిలిస్టులకు తెలిసిన సవాలు ఇదే. దీనికి రుసుం లేదు, ముందే గీసిన దారి లేదు, మొదట చేరినవారికి బహుమతీ లేదు. ఎవరి ఊళ్లో వారు, తమకు వీలైన వేళ తొక్కుతారు. ఫోన్‌లోనో సైకిల్ కంప్యూటర్‌లోనో నమోదైన దూరం స్ట్రావా అనే యాప్‌లో జమవుతుంది.

లండన్ కేంద్రంగా 2004లో మొదలైన సైకిల్ దుస్తుల సంస్థ రాఫా 2010లో దీన్ని ప్రారంభించింది. ఆలోచన ఆ సంస్థ డిజైనర్ గ్రేమ్ రేబర్న్‌ది. బ్రిటన్‌లో ఆ ఏడాది డిసెంబర్ వందేళ్లలోకెల్లా చలి డిసెంబర్‌గా రికార్డులకెక్కింది. చలి దుస్తులు అమ్మే సంస్థ చలిలో తొక్కమని పిలవడంలో వ్యాపార ప్రయోజనం ఉందన్నది దాచేస్తే దాగేది కాదు. అయినా ఆ దుస్తులు ఒక్కటీ కొనకుండానే పాల్గొనవచ్చు గనుక సవాలు కంపెనీ ప్రచారాన్ని దాటి విస్తరించింది. 2020లో కోవిడ్ ఆంక్షల కారణంగా ఇంట్లో ట్రైనర్ మీద తొక్కిన దూరాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నారు.

కాళ్లకన్నా క్యాలెండర్‌తోనే పోటీ

500ను ఎనిమిదితో భాగిస్తే రోజుకు 62.5 కిలోమీటర్లు. గంటకు 22 కిలోమీటర్ల సగటు వేగంతో వెళ్తే మూడు గంటల లోపే అయిపోతుంది. కొన్నాళ్లుగా తొక్కే అలవాటున్నవారికి ఒక రోజు ఈ దూరం పెద్ద కష్టం కాదు. కష్టమంతా వరుసగా ఎనిమిది రోజులు అదే పని చేయడంలో ఉంది.

మొదటి రెండు రోజులు తప్పిపోతే మిగిలిన ఆరు రోజుల్లో రోజుకు 83 కిలోమీటర్లు తొక్కాలి. నాలుగు రోజులు పోతే మిగిలిన నాలుగింటిలో రోజుకు 125 చొప్పున పూర్తి చేయాలి. తీర్చని అప్పుకు వడ్డీ పెరిగినట్టు బాకీ పెరుగుతుంది. ఒక రోజు జ్వరమో, వానో, ఇంటికి చుట్టాల రాకో చాలు, లెక్క తారుమారవుతుంది. అందుకే అనుభవజ్ఞులు మొదటి మూడు నాలుగు రోజుల్లోనే సగానికి పైగా పూర్తి చేసి, చివర్లో ఒక రోజు ఖాళీ ఉంచుకుంటారు.

యూరప్‌లో క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం వరకు చాలా కార్యాలయాలు మూతపడతాయి. ఈ సవాలు ఆ ఖాళీ వారం కోసం పుట్టింది. మన దగ్గర క్రిస్మస్ సెలవు ఒకటి రెండు రోజులే. తెలుగువారికి పెద్ద పండుగ సెలవులు సంక్రాంతికి వస్తాయి. కాబట్టి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉద్యోగం చేసుకునేవారు దీన్ని పని దినాల మధ్యే ఇరికించాలి. శని, ఆది, క్రిస్మస్ రోజుల్లో వంద చొప్పున 300, మిగిలిన ఐదు రోజుల్లో తెల్లవారుజామున 40 చొప్పున 200 అనుకుంటే లెక్క సరిపోతుంది. కానీ ఆ 40 కిలోమీటర్లకు దాదాపు రెండు గంటలు కావాలి. ఆఫీసుకు వెళ్లేవారికి అవి చీకట్లో మొదలయ్యే రెండు గంటలు.

చలి ఎక్కడ ఎలాంటిది?

డిసెంబర్ చివర్లో లండన్‌లో పగలు ఎనిమిది గంటలు కూడా ఉండదు. ఢిల్లీలో పది గంటలకు పైన, హైదరాబాద్‌లో సుమారు 11 గంటలు ఉంటుంది. ఆస్ట్రేలియాలో అదే వారం నడివేసవి. అక్కడివారు చలితో కాక ఎండతో పోరాడతారు. కాబట్టి ఒకే పేరున్న సవాలు ప్రాంతాన్ని బట్టి వేరే పరీక్ష అవుతుంది.

సైకిల్ మీద చలి థర్మామీటర్ చూపించేదానికన్నా ఎక్కువగా తగులుతుంది. గాలి కదలకుండా ఉన్నా, గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వెళ్తే ఎదురుగాలి తానే పుడుతుంది. ఆ వేగంలో 10 డిగ్రీల ఉష్ణోగ్రత ఒంటికి 7 డిగ్రీల్లా, సున్నా డిగ్రీలు మైనస్ 6లా అనిపిస్తాయి. ముందు మొద్దుబారేవి చేతివేళ్లు. బ్రేకు పట్టాల్సినవీ అవే. చల్లగాలి బరువైనది కూడా. 30 డిగ్రీల గాలితో పోలిస్తే సున్నా డిగ్రీల గాలి సాంద్రత సుమారు 11 శాతం ఎక్కువ. అంటే అదే వేగానికి ఎక్కువ శక్తి ఖర్చవుతుంది.

ఉత్తర భారతంలో చలికన్నా పెద్ద అడ్డంకులు పొగమంచు, కాలుష్యం. లాహోర్ నుంచి ఢిల్లీ మీదుగా ఢాకా దాకా విస్తరించిన మైదానంలో ఈ కాలంలో గాలి నిలిచిపోయి పొగ, ధూళి నేలకు దగ్గరగా పేరుకుంటాయి. విశ్రాంతిలో మనిషి నిమిషానికి ఆరు నుంచి ఎనిమిది లీటర్ల గాలి పీలుస్తాడు. గట్టిగా తొక్కుతున్నప్పుడు అది అనేక రెట్లవుతుంది. వాయు నాణ్యత సూచీ 300 దాటితే 'చాలా అధ్వానం', 400 దాటితే 'తీవ్రం'. అలాంటి ఉదయం మూడు గంటలు తొక్కితే ఆరోగ్యం కోసం మొదలుపెట్టిన పని ఆరోగ్యానికే చేటు. ఆ రోజుకు ఇంట్లో ట్రైనరో, విశ్రాంతో మేలు.

దక్కనులో మాత్రం ఏడాదిలో సైకిల్‌కు అనువైన కాలం ఇదే. ఆదిలాబాద్ వైపు ఉష్ణోగ్రత ఒక అంకెకు పడిపోయినా, హైదరాబాద్‌లో పల్చని చలికోటు ఒకటి, చేతి తొడుగులు చాలు. ఎండెక్కాక అవి కూడా విప్పేయాల్సి వస్తుంది. అందుకే లావుపాటి స్వెటర్ ఒకటి వేసుకోవడం కన్నా పల్చటి బట్టలు రెండు మూడు పొరలుగా వేసుకోవడం మంచిది. చెమటతో తడిసిన నూలు బట్ట త్వరగా ఆరదు. ఆగిన వెంటనే వణుకు పుట్టించేది అదే.

మన దారుల్లో చూసుకోవాల్సినవి

తెలుగు రాష్ట్రాల్లో డిసెంబర్ రోడ్డుకు దానికే సొంతమైన ప్రమాదాలున్నాయి. ఖరీఫ్ కోతలు ముగిసే కాలం కనుక చాలా చోట్ల రోడ్డు సగం మేర ధాన్యం ఆరబోస్తారు. రాత్రి దాన్ని కుప్పగా చేసి, నల్ల పట్టా కప్పి, అంచున రాళ్లు పెడతారు. తెల్లవారుజామున నల్ల తారు మీద నల్ల పట్టా కనిపించదు. ఆరబోసేందుకు కల్లాలు లేని రైతుకు వేరే దారి లేదు. అటుగా వెళ్లే సైకిలిస్టు వేగం తగ్గించుకోవడమే ఉన్న మార్గం. కృష్ణా, గోదావరి డెల్టాల్లోనూ, హైదరాబాద్–విజయవాడ రహదారి మీదా పొగమంచు కమ్మే ఉదయాలు ఈ కాలంలో మామూలే.

గాలి దిశ కూడా ఆలోచించాలి. ఈశాన్య రుతుపవనాల కాలంలో మన వైపు గాలులు ఎక్కువగా తూర్పు, ఈశాన్యాల నుంచి వీస్తాయి. వెళ్లేటప్పుడు ఎదురుగాలి, అలసిపోయి తిరిగొచ్చేటప్పుడు వెనుకగాలి ఉండాలంటే ముందు తూర్పుకు వెళ్లాలి. అయితే సూర్యోదయ వేళ తూర్పుకు వెళ్తే ఎండ కళ్లలో పడుతుంది. వెనుక వచ్చే లారీ డ్రైవర్ కళ్లలోనూ పడుతుంది. అతనికి ముందున్న సైకిల్ కనిపించకపోవచ్చు. ఆ అరగంట వేరే దిక్కుకు తిరగడమో, రద్దీ లేని దారి పట్టడమో తెలివైన పని.

హైదరాబాద్‌లో 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ప్రధాన మార్గం మీదికి సైకిళ్లను అనుమతించరు. దాని పక్కన 2023లో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది. నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు వైపు సాగే ఈ దారికి సౌర ఫలకాలే పైకప్పు. వాహనాల భయం లేకుండా దూరం పోగుచేసుకోవడానికి నగరంలో ఇంతకు మించిన చోటు లేదు. విశాఖలో బీచ్ రోడ్డు మీదుగా భీమిలికి వెళ్లి వస్తే దాదాపు రోజువారీ లెక్క పూర్తవుతుంది. కొత్త దారుల మోజుకన్నా తెలిసిన దారిలో తిరగడమే ఈ ఎనిమిది రోజులకు శ్రేయస్కరం. గుంతలెక్కడున్నాయో, కుక్కలెక్కడ వెంటపడతాయో, పంక్చర్ వేసే దుకాణం ఎక్కడుందో తెలిసి ఉంటుంది.

తిండి, నీళ్లు, మోకాళ్లు

రోజుకు 62 కిలోమీటర్లు తొక్కితే మనిషి బరువు, వేగాన్ని బట్టి సుమారు 1,200 నుంచి 1,800 కిలోక్యాలరీలు ఖర్చవుతాయి. గంటన్నర దాటిన ప్రయాణంలో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం అందితే నీరసం రాదు. ఒక మోస్తరు అరటిపండులో సుమారు 25 గ్రాములు ఉంటుంది. అరటిపండు, ఖర్జూరం, పల్లీపట్టీ, దారిలో రెండు ఇడ్లీలు ఉంటే ఖరీదైన జెల్ ప్యాకెట్లు అవసరం లేదు. చలిలో దాహం తెలియదు. అయినా చెమట, ఊపిరి రూపంలో నీరు పోతూనే ఉంటుంది గనుక దాహం వేయకముందే కొద్దికొద్దిగా తాగాలి.

ఈ సవాలును మధ్యలో ఆపేయించేది చాలాసార్లు మోకాలు. వారానికి వంద కిలోమీటర్లు తొక్కే మనిషి ఒక్కసారిగా 500కు పెంచితే కండరాలు ఓర్చుకున్నా స్నాయువులు ఓర్చుకోవు. నవంబర్ నుంచే క్రమంగా దూరం పెంచుకోవాలి. సీటు ఎత్తు సరిచూసుకోవాలి. బరువైన గేరులో మెల్లగా తొక్కడం మాని, తేలిక గేరులో చకచకా తొక్కడం అలవాటు చేసుకోవాలి. అలసటతో వచ్చే నొప్పి వేడెక్కగానే తగ్గుతుంది. తొక్కేకొద్దీ పెరిగే నొప్పి గాయానికి సూచన.

బ్రెవేతో పోలిస్తే

మన దేశంలో దూర ప్రయాణాల సైకిలిస్టులకు ఎక్కువగా తెలిసినది 'బ్రెవే'. ఆడాక్స్ ఇండియా రాండనర్స్ ఆధ్వర్యంలో హైదరాబాద్ సహా అనేక నగరాల్లో ఇవి జరుగుతాయి. 200 కిలోమీటర్లను 13 గంటల 30 నిమిషాల్లో, 300ను 20 గంటల్లో, 400ను 27 గంటల్లో, 600ను 40 గంటల్లో పూర్తి చేయాలి. ఈ సోపానం చివర ఫ్రాన్స్‌లో నాలుగేళ్లకోసారి జరిగే పారిస్–బ్రెస్ట్–పారిస్ ఉంటుంది. 1891లో పోటీగా మొదలైన ఆ 1,200 కిలోమీటర్ల ప్రయాణానికి గరిష్ఠ గడువు 90 గంటలు.

శరీర శ్రమలో 600 బ్రెవే ముందు ఫెస్టివ్ 500 చిన్నదే. కానీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. బ్రెవేలో రాత్రి వేళ లైట్లు, మెరిసే జాకెట్ తప్పనిసరి. లేకపోతే బయలుదేరనివ్వరు. ఫెస్టివ్ 500లో అలా ఆపేవారు లేరు. లైటు లేకుండా తొక్కిన కిలోమీటరునూ, జ్వరంతో తొక్కిన కిలోమీటరునూ యాప్ ఒకేలా లెక్కేస్తుంది. అంటే నిర్వాహకుడి బాధ్యత కూడా తొక్కేవారి మీదే పడుతుంది.

అది చిన్న బాధ్యత కాదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1.68 లక్షల మంది చనిపోయారు. వారిలో సైకిల్ మీద వెళ్తున్నవారూ వేలల్లో ఉన్నారు. ముందు తెల్ల లైటు, వెనుక ఎర్ర లైటు, మెరిసే జాకెట్, హెల్మెట్, ఇంట్లోవారికి తెలిసిన దారి అనే ఐదింటిలో ఏది లేకున్నా ఆ రోజు బయలుదేరకూడదు. యాప్‌లో ఇంటి చిరునామా చుట్టూ దారిని దాచే సెట్టింగ్ ఆన్ చేసుకోవడం, ముఖ్యంగా ఒంటరిగా తొక్కే మహిళలకు, అంతే అవసరం.

ఆగడం కూడా లెక్కలోదే

రోజూ తొక్కడంలో మనిషి హద్దు ఎంతో చూపినవారు ఉన్నారు. బ్రిటన్‌కు చెందిన టామీ గాడ్విన్ 1939లో ఏడాది పొడవునా తొక్కి 75,065 మైళ్లు, అంటే సుమారు 1,20,800 కిలోమీటర్లు పూర్తి చేశాడు. రోజుకు సగటున 331 కిలోమీటర్లు. ఆయన లెక్కన 500 అంటే ఒకటిన్నర రోజు పని. ఆ రికార్డుతో పోల్చుకుని ఎవరూ చిన్నబుచ్చుకోనక్కర్లేదు. ఉద్యోగం, కుటుంబం, పండుగ అన్నీ ఉన్న మనిషికి ఈ ఎనిమిది రోజుల్లో 320 కిలోమీటర్ల దగ్గర ఆగిపోవడమూ గౌరవప్రదమే.

కాబట్టి 24వ తేదీకి ముందే రెండు అంకెలు రాసిపెట్టుకోవడం మంచిది. మొదటిది రోజుకు ఎంత తొక్కాలన్నది. రెండోది ఏ పరిస్థితిలో ఆపేయాలన్నది: వంద మీటర్ల అవతల ఏమీ కనిపించనంత మంచు, 300 దాటిన వాయు నాణ్యత సూచీ, ఒక రాత్రి విశ్రాంతితో తగ్గని మోకాలి నొప్పి. ముందే రాసుకోకపోతే 30వ తేదీ రాత్రి 70 కిలోమీటర్ల బాకీతో ఉన్నప్పుడు మనసు ఏ సాకునైనా ఒప్పుకుంటుంది.

ఆ తెల్లవారుజామున రోడ్డు మీద మరికొందరు సైకిలిస్టులూ ఉంటారు. పేపర్ వేసే కుర్రాళ్లు, పాలవాళ్లు, రాత్రి షిఫ్టు ముగించుకుని వచ్చే వాచ్‌మెన్. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 44.8 శాతం ఇళ్లలో సైకిల్ ఉంది. వీరికి చలికాలపు సవాలు ఎనిమిది రోజులది కాదు, సీజన్ మొత్తానిది. వీరిలో చాలామంది సైకిళ్లకు వెనుక లైటు ఉండదు. 500 పూర్తయిన సంతోషంలో తెలిసిన పాలబ్బాయి సైకిల్‌కు ఓ ఎర్ర లైటు బిగించినా, ఆ దారిలో మరో మనిషి వెనుక వచ్చే లారీకి కనిపిస్తాడు.