చదువు మానేసి బంతి పట్టిన కుర్రాడు: జపాన్‌లో ప్రొఫెషనల్ బేస్‌బాల్ ఎలా పుట్టింది?

ఆట ఆడి డబ్బులు తీసుకుంటే తప్పా? ఐపీఎల్ వేలం చూస్తూ పెరిగిన మనకి ఇదేం ప్రశ్న అనిపిస్తుంది. కానీ తొంభై ఏళ్ల కిందట జపాన్‌లో దీని మీద పెద్ద గొడవే నడిచింది. వాళ్ల ప్రొఫెషనల్ బేస్‌బాల్ ఆ గొడవలోంచే పుట్టింది. ఎలాగో చూద్దాం.

1872లో టోక్యోలో హోరేస్ విల్సన్ అనే అమెరికన్ టీచర్ తన స్టూడెంట్స్‌కి ఈ ఆట నేర్పాడు. అంటే బేస్‌బాల్ అక్కడ బడిలో మొదలైంది, బడిలోనే పెరిగింది. 1896లో ఇచికో అనే స్కూల్ కుర్రాళ్లు యోకోహామాలోని అమెరికన్ల క్లబ్బుని 29-4 తేడాతో చిత్తు చేశారు. మన సినిమాల్లో ఉండే క్లైమాక్స్ వాళ్లకి నిజంగానే జరిగింది!

అక్కడి నుంచి బేస్‌బాల్ అంటే క్రమశిక్షణ, పట్టుదల, స్కూల్ పరువు. అందులోకి డబ్బు వస్తే ఆట పాడైపోతుందని పెద్దల భయం. 1920లో ఒక ప్రొఫెషనల్ టీమ్ పెట్టారు కానీ, 1923 భూకంపం తర్వాత అది మూతపడింది. 1932లో విద్యాశాఖ ఇంకో అడుగు ముందుకేసింది. స్టూడెంట్స్ ఎవరూ ప్రొఫెషనల్స్‌తో మ్యాచ్ ఆడకూడదని రూల్ పెట్టింది.

ఇక్కడే అసలు ట్విస్ట్. యోమియురి పేపర్ ఓనర్ షోరికి మత్సుతారోకి తన పేపర్ అమ్ముడుపోవాలి. అందుకని 1934లో అమెరికా సూపర్‌స్టార్ బేబ్ రూత్‌ని, ఇంకా పెద్ద పెద్ద ప్లేయర్లని పిలిపించాడు. మరి వాళ్లతో ఆడేదెవరు? మంచి ప్లేయర్లంతా కాలేజీల్లోనే ఉన్నారు, రూలేమో ఒప్పుకోదు. దాంతో చదువు అయిపోయినవాళ్లని, చదువు వదులుకుని వచ్చినవాళ్లని కలిపి ఒక జట్టు కట్టాడు. అంటే డబ్బుని ఆపడానికి పెట్టిన రూలే ప్రొఫెషనల్ టీమ్‌కి దారి వేసిందన్నమాట!

అలా స్కూల్ మానేసి వచ్చినవాడే సవామురా ఎయిజి. వయసు 17. పిచ్చర్, అంటే మన బౌలర్ లాంటివాడు. నవంబర్ 20న షిజువోకాలో మ్యాచ్. గెహ్రింగర్, బేబ్ రూత్, లూ గెహ్రిగ్, జిమ్మీ ఫాక్స్... ఈ నలుగురినీ వరుసగా అవుట్ చేశాడు! చివరికి గెహ్రిగ్ కొట్టిన ఒక్క హోమ్ రన్‌తో జపాన్ 1-0 తేడాతో ఓడింది. ఆ టూర్‌లో జపాన్ జట్టు ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. కానీ జనానికి గుర్తుండిపోయింది ఈ ఓటమే.

డిసెంబర్ 26న అదే జట్టు కంపెనీగా మారింది. ఇప్పటి యోమియురి జెయింట్స్ అదే. రెండు నెలలు తిరక్కముందే, అమెరికన్లని పిలిచాడన్న కోపంతో ఒక అతివాది షోరికిని కత్తితో నరికాడు. ఆయన బతికి బయటపడ్డాడు. 1936లో ఏడు టీమ్‌లతో లీగ్ మొదలైంది. ఓనర్లలో పేపర్లు, రైల్వే కంపెనీలే ఎక్కువ. మ్యాచ్ ఉంటే పేపర్ అమ్ముడవుతుంది, ట్రైన్ నిండుతుంది. సింపుల్ లెక్క.

మరి సవామురా? యూనివర్సిటీలో చదివేవాళ్లకి మిలిటరీ పిలుపు వాయిదా పడేది. చదువు వదిలేసిన ఇతనికి ఆ అవకాశం లేదు. మూడుసార్లు యుద్ధానికి పిలిచారు. అక్కడ గ్రెనేడ్లు విసిరి విసిరి భుజం పాడైంది, పాత స్పీడ్ పోయింది. 1944 డిసెంబర్‌లో అతను వెళ్తున్న ఓడని సబ్‌మెరైన్ ముంచేసింది. అప్పటికి వయసు 27.

1947 నుంచి జపాన్‌లో గొప్ప పిచ్చర్‌కి సవామురా పేరు మీదే అవార్డు ఇస్తున్నారు. ఈరోజు అక్కడి స్టార్లు కోట్లు సంపాదిస్తున్నారు. వాళ్లకి దారి వేసిన మొదటి తరం మాత్రం చదువుని, కొందరు ప్రాణాన్ని కూడా వదులుకున్నారు. ఆ అవార్డు పేరు ఈసారి మీకు ఎక్కడైనా వినిపిస్తే, దాని వెనక ఉన్న 17 ఏళ్ల కుర్రాడిని గుర్తుచేసుకోండి.