తట్టు దిగాక వచ్చే గండం

కుంపట్లో ఇంకో రెండు బొగ్గులు వెయ్యి అమ్మడూ. వీడికి తొమ్మిదో నెల నిండుతోంది, తట్టు సూది తప్పదా అని అడిగావు కదా. విను.

మా చిన్నప్పుడు తట్టుని ఎవరూ జబ్బనేవాళ్ళు కాదు, అమ్మవారు పోసిందనేవాళ్ళు. గుమ్మానికి వేపమండలు కట్టేవాళ్ళు. ఆ ఇంట్లో తాలింపు వెయ్యకూడదు, బయటివాళ్ళు గడప తొక్కకూడదు. అందులో తెలివి లేకపోలేదు, జనాన్ని దూరంగా ఉంచేది. కానీ మండ కట్టేసరికే ఆలస్యమైపోయేది. ఒంటిమీద ఎర్రగా పొక్కకముందు నాలుగు రోజుల నుంచే అది అంటుకుంటుంది. ముక్కు కారుతూ, కళ్ళు ఎర్రబడి, దగ్గుతూ పిల్లాడు అప్పటికే వీధంతా తిరిగేసి ఉండేవాడు. వాడు దగ్గి వెళ్ళిపోయిన గదిలో కూడా రెండు గంటలదాకా ఆ క్రిమి గాలిలోనే ఉంటుంది మరి.

దద్దు నల్లబడి పొట్టు రాలగానే వేపాకు, పసుపు వేసిన నీళ్ళు పోసి, అమ్మవారికి పెరుగన్నం నైవేద్యం పెట్టి, గండం గడిచిందనుకునేవాళ్ళు. అసలు గండం అప్పుడే! తట్టు ఒంట్లో ఉన్న శక్తినంతా ఊడ్చుకుపోతుంది. కొన్ని వారాలకి విరేచనాలు పట్టుకునేవి, లేదంటే పిల్లాడు డొక్కలు ఎగరేసేవాడు. పోతే దిష్టి అన్నారు, గాలి అన్నారు. తట్టు మీదికి ఎవరి ఆలోచనా పోలేదు.

మా వీధిలో ఒక పిల్లకి తట్టు దిగాక కంట్లో పువ్వు పడింది. మొక్కు సరిగా తీర్చలేదని ఆ తల్లిని ఎన్ని మాటలన్నారో! ఏఎన్ఎం శిక్షణకి వెళ్ళాకగానీ నాకు అర్థం కాలేదు. తట్టు ఒంట్లో విటమిన్ ఎ ని హరించేస్తుంది. నల్లగుడ్డు పుండు పడి, మానినచోట తెల్లమచ్చ మిగులుతుంది. దానికితోడు పథ్యమంటూ గుడ్డూ, ఆకుకూరా, పాలూ మాన్పించేవాళ్ళం. ఆ తల్లి చేసిన పాపం ఏముంది చెప్పు? ఇప్పుడు తట్టు సూదితోపాటే విటమిన్ ఎ చుక్కలు కూడా తాగిస్తున్నారు, అవి వద్దనకు. తట్టు వచ్చిన పిల్లలకైతే డాక్టర్లు వరసగా రెండు రోజులు ఇస్తారు.

1985లో అందరు పిల్లలకీ టీకాలని సర్కారు మొదలుపెట్టింది. 1990కల్లా అన్ని జిల్లాలకీ వచ్చింది. ఐసు పెట్టె భుజాన వేసుకుని ఊరూరా తిరిగేవాళ్ళం. పొడిమందులో నీళ్ళమందు కలిపాక నాలుగు గంటలే గడువు, ఆపైన మిగిలింది పారబొయ్యాల్సిందే. "ఇంత మందు పారబోస్తావా, రేపు మా చిన్నదానికి వెయ్యకూడదా" అని పోట్లాడేవాళ్ళు. నిలవ మందు చీము పట్టిస్తుంది, ప్రాణం మీదికి తెస్తుంది. ఎవరేమన్నా నేను వినేదాన్ని కాదు.

తొమ్మిది నెలలే ఎందుకంటావా? అప్పటిదాకా నీ నుంచి వచ్చిన రక్షణ వాడి ఒంట్లో ఉంటుంది. అది ఉండగా వేస్తే మందు సరిగా పట్టదు. తొమ్మిదో నెలలో వేసినా నూటికి ఎనభై అయిదు మందికే పడుతుంది. మిగిలినవాళ్ళకోసమే పదహారు, ఇరవైనాలుగు నెలల మధ్య రెండో సూది. అది 2010 తరవాత వచ్చింది. 2017 ఆగస్టులో మన రెండు రాష్ట్రాల్లో రుబెల్లాతో కలిపి బళ్ళలో వేసినప్పుడు ఫోన్లలో ఎన్ని పుకార్లు తిరిగాయో! వారం, పది రోజులకి కాస్త ఒళ్ళు వెచ్చబడొచ్చు, నాలుగు దద్దులు రావొచ్చు. వాటంతటవే పోతాయి. దానికే బెదిరి రెండోది మానేసిన తల్లుల్ని చాలామందిని చూశాను.

బుధవారం అంగన్‌వాడీకి నర్సమ్మ వస్తుంది, కార్డు పట్టుకుని వెళ్ళు. రెండోదానికి ఏ తేదీకి రావాలో అడిగి అందులోనే రాయించుకుని రా.