ఎగతాళికి దండుగ



సుల్తానాబాదు చుట్టుపట్ల పల్లెలలోనేమి, తెలుగుదేశమున మరియే పల్లెలోనేమి, ఒక మనుష్యుని గుర్తు చెప్పవలసి వచ్చినప్పుడు అతని ఇంటిపేరుకంటె ముందుగా దేహమందలి లోపమును చెప్పుట చిరకాలమునుండి వచ్చుచున్న వాడుక. పేరునకు ముందు కుంటి అనియో, గుడ్డి అనియో, మూగ అనియో, నత్తి అనియో ఒక మాట తగిలింతుము. బాల్యమున బడిలోనో వీధిలోనో తగులుకొన్న ఆ మాట ముదిమివరకును విడువదు. ఇది తగునా యని యడిగినచో, ఉన్నమాటే గదా అంటిమి అని యుత్తరము వచ్చును. ఉన్నమాట యనుట నేరమగునా? ఈ ప్రశ్నను మన పూర్వులే విచారించి తీర్పు చెప్పియున్నారు. ఆ తీర్పునుగూర్చియు, అందలి గుణదోషములనుగూర్చియు నేడు విన్నవింతును.

కౌటిల్యుని అర్థశాస్త్రమున మూడవ అధికరణములో వాక్పారుష్యమను ప్రకరణము కలదు. వాక్పారుష్యమనగా మాటతో చేయు హింస. చూపులేనివానిని గ్రుడ్డివాడని, కాలులేనివానిని కుంటివాడని నిందించినచో, మాట నిజమే యైనను 3 పణముల దండుగ. లేని లోపమును అంటగట్టి నిందించినచో 6 పణములు. ఇక మూడవది మిక్కిలి గమనింపదగినది. కంటిలోపము గలవానిని జూచి, కన్నులు చాల చక్కగా నున్నవని వెక్కిరింపుగా పొగడినచో 12 పణములు. నిజమునకంటె అబద్ధమునకు రెట్టింపు. అబద్ధమునకంటె ఎగతాళి పొగడ్తకు రెట్టింపు.

ఇట్లేల విధించిరి? సూటిగా నిందించినవాడు ఒక్కని నొప్పించును. వెక్కిరింపుగా పొగడువాడు నలుగురిని పోగుచేసి నవ్వించును. ఆ నవ్వులో పాలుగొన్న ప్రతివాడును దెబ్బ కొట్టినవాడే యగును. కాని కొట్టితినని యొక్కడును ఒప్పుకొనడు. బడిపిల్లల ఎగతాళి ముప్పాతిక మువ్వీసము ఈ జాతిదే. శాస్త్రకారుడు దాని విషమును ఎరిగియే దండుగను హెచ్చించెనని తోచుచున్నది.

యాజ్ఞవల్క్యస్మృతి యీ మూడింటికిని భేదము పాటింపలేదు. నిజముగా గాని, అబద్ధముగా గాని, పొగడ్త నెపమున గాని, అంగహీనులను, ఇంద్రియలోపము గలవారిని, రోగులను ఆక్షేపించినవానికి పండ్రెండున్నర పణములు దండుగ యని శాసించెను. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర యను వ్యాఖ్యను కల్యాణి చాళుక్యరాజగు ఆరవ విక్రమాదిత్యుని కాలమున రచించెను. ఆ రాజు 1076 మొదలు 1126 వరకు పాలించెను. వేములవాడ, పొలాస మొదలగు మన సీమలు నాడు ఆ చాళుక్యుల యేలుబడిలోనివే. తరువాత 13వ శతాబ్దమున మూలఘటిక కేతన విజ్ఞానేశ్వరీయమను పేర ఆ ధర్మశాస్త్రమును తెనుగు పద్యములలోనికి తెచ్చెను. కాబట్టి అంగవైకల్యమును ఎగతాళి చేయరాదను ధర్మము ఎక్కడనుండియో దిగుమతియైనది కాదు.

అయినను పూర్వమంతయు మేలే యనుకొనుట సత్యమునకు దూరము. అర్థశాస్త్రమున నాపై వాక్యమును చదువుడు. నింద పొందినవాడు గొప్పవాడైనచో దండుగ రెట్టింపు, తక్కువవాడైనచో సగము. అనగా ఎగతాళి వలన కలుగు నొప్పిని గూడ అంతస్తునుబట్టి కొలిచిరి. అంతకంటె పెద్ద లోపము దాయభాగమున నున్నది. పంగువు, అంధుడు, ఉన్మత్తుడు, జడుడు మున్నగువారికి పిత్రార్జితమున భాగము లేదనియు, కూడుగుడ్డలు మాత్రమీయవలెననియు అదే స్మృతి చెప్పుచున్నది. ఒక చేతితో మర్యాదను కాపాడి, మరియొక చేతితో భూమిని తీసికొన్నట్లయినది. అన్నదమ్ముల పంచన కూటికై కూర్చుండువానిని ఊరు గౌరవించునా? భాగము లేనివానికి గౌరవము నిలువలేదు. దండుగలు గ్రంథములలో నిలిచెను. పరిహాసనామములు పల్లెలలో నిలిచెను.

ఈ దాయదోషము చాలకాలమునకు గాని తొలగలేదు. బ్రిటిషు ఇండియాలో 1928వ సంవత్సరపు చట్టము, పుట్టుకతో మతిలేనివారిని తక్క తక్కినవారికి భాగము నిచ్చెను. 1956వ సంవత్సరపు హిందూ వారసత్వ చట్టము ఆ మినహాయింపును గూడ తీసివేసెను. నేడు ఏ యంగలోపమువలనను ఎవ్వరికిని వారసత్వము పోదు.

పరిహాసమును ఆపుట ఒక పని. స్థానము కల్పించుట రెండవ పని. విజయనగరమున రెండవ పని యెట్లు జరిగెనో చూడుడు. అచ్చటి ప్రభువైన విజయరామ గజపతి, తన కొలువులోని చాగంటి జోగారావుగారి కుమారుడు గంగరాజు చూపులేని బాలుడనియు, సంగీతమందు మక్కువ గలవాడనియు ఎరిగి, 1919లో సంగీత కళాశాలను నెలకొల్పెను. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులు. చూపు మందగించుటచే బడిచదువు సాగని ద్వారం వెంకటస్వామినాయుడుగారు అదే కళాశాలలో వాయులీనాచార్యులై, 1936లో అధ్యక్షులైరి. ఒక్క బాలునికై తెరచిన తలుపు దేశమునకంతకును సంగీతము నిచ్చినది.

ఇక నేటి చట్టమునకు వత్తము. మన సుల్తానాబాదు కరీంనగరు జిల్లానుండి పెద్దపల్లి జిల్లాలో చేరిన 2016వ సంవత్సరమందే వికలాంగుల హక్కుల చట్టము పుట్టినది; 2017 ఏప్రిలు 19 నుండి అమలులోనికి వచ్చినది. అందులో 21 విధముల వైకల్యములు లెక్కింపబడినవి. దాని 92వ నిబంధన ప్రకారము, నలుగురి కంటబడు చోట వికలాంగుని కించపరచు తలంపుతో బుద్ధిపూర్వకముగా అవమానించినను, బెదిరించినను, 6 నెలలకు తగ్గక 5 సంవత్సరములవరకు చెర, దానితో జుల్మానా విధింపవచ్చును. ఉన్నమాటే యంటినను సాకునకు ఇందును చోటులేదు. కౌటిల్యుని చట్టమువలె ఎవడు గొప్ప, ఎవడు తక్కువ యని ఇది యడుగదు; అందరికిని ఒకటే శిక్ష. 2024 జూలైలో సుప్రీంకోర్టు సినిమాలనుగూర్చి తీర్పు చెప్పుచు, వైకల్యమును అర్థము చేయించు హాస్యము వేరు, వికలాంగులను కించపరచు హాస్యము వేరు అని విడదీసినది.

అయినను పదేండ్ల పిల్లల తగవును ఠాణాకు ఈడ్చుట ఎవ్వరికిని ఇష్టము కాదు, ఉచితమును కాదు. పిల్లవాడు ఎగతాళిని పుట్టుకతో తేడు. అరుగుమీద పెద్దలు పిలిచిన పిలుపును బడికి కొనిపోవును. కావున మందు మన నోటిలోనే యున్నది. మొదటిది, అట్టి బాలుని, బాలికను పేరుపెట్టి పిలువవలెను; ఇతరులు వేరుగా పిలిచినచో అక్కడనే దిద్దవలెను. రెండవది, వెక్కిరించినవానిని మాత్రమేగాక, నవ్విన పదిమందిని గూడ మందలింపవలెను. మూడవది, ఎగతాళికి వెరచి బిడ్డను బడి మాన్పింపరాదు. తప్పు చేసినవాడు బడిలోనుండగా తప్పు లేనివాడు ఇంట గూర్చుండుట ఏమి న్యాయము? నాలుగవది, ఉపాధ్యాయుడే లోపమును పట్టి పిలిచినచో ఊరకుండరాదు. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము 17వ నిబంధన, బడిలో బిడ్డను కొట్టుటనేగాక మనసు నొప్పించి వేధించుటను గూడ నిషేధించినది. హింస మితిమీరినచో, 2016 చట్టము 7వ నిబంధననుబట్టి ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటునకు ఎవ్వరైనను తెలుపవచ్చును. బిడ్డ తలిదండ్రులే పోవలెనని లేదు.

అరణ్యపర్వమున అష్టావక్రుని కథ మీరెరిగినదే. ఆ బాలుని యొడలు ఎనిమిది చోట్ల వంకరపోయినది తండ్రి కోపమున పలికిన ఒక్క శాపమువలన. ఆ తండ్రి బందిచేతిలో ఓడి నీటిపాలు కాగా, జనకుని సభలో వాదించి గెలిచి విడిపించినవాడు ఆ కొడుకే. పెద్దల మాట బిడ్డను వంచగలదు. పెద్దల సభ వినదలచినచో ఆ బిడ్డను నిలుపగలదు. మన రచ్చకట్టకు ఆ రెండు శక్తులును గలవు. రెండవదానిని వినియోగింప వేడెదను.