తూటా లేని తుపాకి

మా మేనమామ నాంపల్లి స్టేషన్ వెనక వీధిలో ఉండేవాడు. అడవి కాంట్రాక్టులు చేసేవాడు కాబట్టి ఆయన దగ్గర ఒక పన్నెండు బోరు తుపాకి ఉండేది. ఆయన స్నేహితుడు ఒక పెద్దమనిషి, మేమంతా ‘సాబ్’ అని పిలిచేవాళ్ళం. ఆయన దగ్గర అంతకంటే గొప్ప వస్తువు ఉండేది: .375 మాగ్నమ్ రైఫిలు. లైసెన్సు ఉంది, తుపాకి నూనె రాసి కొత్తదానిలా ఉంది. తూటాలే లేవు. 1985 ప్రాంతంలో నేను చూసేసరికి మిగిలినవి నాలుగు. హార్లిక్స్ సీసాలో, దూది మధ్యలో దాచుకున్నాడు.

“దుకాణంలో కొనుక్కోవచ్చు కదా సాబ్,” అన్నాను. అబిడ్స్ చుట్టుపక్కల తుపాకుల దుకాణాలు నాకు తెలుసు. ఆయన నవ్వి, “ఆ దుకాణాల్లో అన్నీ దొరుకుతయి బేటా, దీనికి తిండి తప్ప,” అన్నాడు. ఆ మాట అప్పుడు నాకు అర్థం కాలేదు. అర్థమవడానికి చాలా ఏళ్ళు పట్టింది, కొంత చరిత్రా చదవాల్సి వచ్చింది.

ముందు మాటల సంగతి చూద్దాం. తుపాకి మనకి తురుష్కుల నుంచి వచ్చింది, ఫిరంగి ఫరంగీల పేరు మీద వచ్చింది. ‘మందుగుండు’ మాత్రం మనం కూర్చుకున్న మాట. మందు వేరు, గుండు వేరు. రెండూ కలిపితేనే పని జరుగుతుంది. వాటిని కలిపే పని మొదట్లో పేల్చేవాడిదే. తెలంగాణ పల్లెల్లో గొట్టం మూతిలోంచి మందు కూరి, గుండు దిగగొట్టి పేల్చే నాటు తుపాకిని ‘భర్‌మార్’ అంటారు. భర్ అంటే నింపు, మార్ అంటే కొట్టు. వాడే విధానమంతా ఆ పేరులోనే ఉంది. తెలంగాణ సాయుధ పోరాటంలో రైతుల చేతుల్లో వడిసెలలతో పాటు కనిపించినవి ఇవే. సీసం కరిగించి గుండు పోసుకోవడం ఊళ్ళో చేతనయ్యే పని.

అదే పనిని ఒక రాజ్యం తరఫున చేసిన చోటు అబిడ్స్ పక్కనే ఉంది. ఫతే మైదాన్ వైపు నుంచి అబిడ్స్‌కి వస్తుంటే తగిలే గన్‌ఫౌండ్రీ. బస్సు కండక్టర్లు రోజుకి వందసార్లు పిలిచే ఈ పేరుకి అర్థం ఫిరంగులు పోతపోసే కర్మాగారం. పాతబస్తీ వాళ్ళు ‘తోప్ కా సాంచా’ అంటారు. నిజాం అలీ ఖాన్ కొలువులో చేరిన ఫ్రెంచి సేనాని మిషెల్ జొవాకిం రేమాఁ, మనవాళ్ళ నోట్లో ‘మూసా రాముడు’ అయినవాడు, 18వ శతాబ్దం చివర్లో నెలకొల్పినది ఇది. మూసారాంబాగ్ పేరూ ఆయనదే. ఆయన కింద పదివేలకి పైగా సిపాయిలుండేవారు. వాళ్ళ ఫిరంగులు, తుపాకులు, మందుగుండు ఇక్కడివాళ్ళ చేతుల్లో తయారయ్యేవి. కంపెనీవాళ్ళు బెంగపెట్టుకున్నది కూడా అందుకే. తుపాకులు కొనుక్కునే రాజుని అమ్మేవాడు అదుపులో పెట్టగలడు. సొంతంగా చేసుకునే రాజుతో ఆ పప్పులు ఉడకవు.

రేమాఁ 1798 మార్చిలో చనిపోయాడు. అదే ఏడాది సెప్టెంబరులో నిజాం కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. అక్టోబరులో ఫ్రెంచి దళం చేత యుద్ధం లేకుండానే ఆయుధాలు కింద పెట్టించారు. ఆ తర్వాత హైదరాబాదుని కాపాడే బాధ్యత, దానితో పాటు పెత్తనం కంపెనీది. ఫౌండ్రీలో ఇప్పుడు మిగిలింది ఇళ్ళ మధ్యన ఒక శిథిలమైన ఎత్తైన గోడ.

ఆ తర్వాత వందేళ్ళలో తూటా మారిపోయింది. మందు, గుండు, నిప్పు రాజేసే క్యాపు, ఈ మూడూ ఒక ఇత్తడి గొట్టంలో ఇమిడిపోయాయి. వేగం, గురి పెరిగాయి. ఇత్తడి గొట్టాన్ని అంత కచ్చితంగా సాగదీసే యంత్రాలు మాత్రం బర్మింగ్‌హామ్‌లో ఉన్నాయి, మన ఊళ్ళో లేవు. తుపాకి మన చేతిలోనే ఉంటుంది, దాని ప్రాణం ఓడలో రావాలి. లిట్టన్ దొర 1878లో ఆయుధాల చట్టం తెచ్చి ఈ ముడిని ఇంకా బిగించాడు. భారతీయుడికి తుపాకి ఉండాలంటే లైసెన్సు కావాలి, యూరోపియన్‌కి అక్కర్లేదు. తూటాలు తయారుచేయాలన్నా లైసెన్సు కావాలి.

ఈ కథలో నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించే సంవత్సరం 1907. బెంగాల్ విభజన మీద దేశం అట్టుడుకుతున్న రోజులు. ఏప్రిల్, మే నెలల్లో బిపిన్ చంద్ర పాల్ రాజమండ్రి, బెజవాడ, మద్రాసు తిరిగి ఉపన్యాసాలిచ్చాడు. ఆ ఏడాదే ఇంగ్లీషు ప్రభుత్వం .450 కొలత రైఫిళ్ళని, తూటాలని భారతదేశంలోకి రాకుండా నిషేధించింది. దొరలు పులుల్ని, ఏనుగుల్ని వేటాడే తుపాకులవి. వాటిమీద నిషేధం ఎందుకు? పాత సైనిక రైఫిలు మార్టిని-హెన్రీ గుండు కూడా అదే కొలత. దేశంలో అవి చాలా ఉన్నాయి. వేట తూటాలోని గుండు ఊడబెరికి, మార్టిని తూటాలో కూర్చి ఎవరైనా తిరగబడతారేమోనని భయం. అంటే చేత్తో తూటా నింపుకోవడమనే చిన్న విద్యకి సామ్రాజ్యం భయపడింది. లండన్ తుపాకుల కంపెనీలు మాత్రం ఊరుకోలేదు. కొలత కాస్త జరిపి .465, .470, .475 అంటూ కొత్త తూటాలు తెచ్చాయి. దొర వేట ఆగలేదు. మన నాంపల్లి స్టేషన్ కట్టింది కూడా ఆ ఏడాదే. షికారుకెళ్ళే వాళ్ళ పెట్టెలు ఎన్ని దాని మీదుగా పోయాయో!

ఆ భయం ఉత్తదేం కాదు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా మూడు రోజులు దాడి చేసింది తుపాకులకీ, తూటాలకీ.

నిజాం రాజ్యంలో వేట దర్బారులో ఒక భాగం. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కి ముప్ఫై పైచిలుకు పులుల్ని కొట్టాడని ‘తీస్ మార్ ఖాన్’ అనే పేరు పడింది. ఆ పేరు ఇవాళ కోతలరాయుళ్ళకి వాడుతున్నాం. చెక్క తుపాకి భుజాన వేసుకుని ఊరూరా కోతలు కోసే మన పిట్టలదొర, ‘తుపాకి రాముడు’, దానికి తెలుగు జోడీ. తూటా లేని తుపాకి ఎంత నవ్వులాటో మన జనానికి ముందే తెలుసు. 1902లో కర్జన్ దంపతులు నెక్కొండ దగ్గర చచ్చిన పులితో దిగిన ఫొటో చాలామంది చూసే ఉంటారు. అదీ ఎండాకాలమే. కుంటలు ఎండిపోతే, మిగిలిన నీళ్ళ దగ్గరికి పులి రాక తప్పదు.

ఆ ఎండ తూటాకి కూడా పరీక్షే. అప్పటి మందు కార్డైట్, చూడ్డానికి సేమ్యా పుల్లల్లా ఉంటుంది. వేడెక్కితే దాని ఒత్తిడి పెరుగుతుంది, పేలాక గొట్టం ఇరుక్కుపోతుంది. అందుకే వేడి దేశాల కోసం కాస్త తక్కువ మందు పోసిన తూటాలు విడిగా అమ్మేవారు. హాలండ్ అండ్ హాలండ్ కంపెనీ 1912లో తెచ్చిన .375 మాగ్నమ్ గొట్టం సన్నగా వాలుగా ఉండి తేలిగ్గా ఊడి వచ్చేది. ‘మాగ్నమ్’ అనేది అసలు పెద్ద వైన్ సీసా పేరు. దాని గుండు 300 గ్రెయిన్లు, అంటే తులంన్నర పైన. గ్రెయిన్ అంటే మన కంసాలి గురిగింజలో దాదాపు సగం. ఈ లెక్కలన్నీ నాకు చెప్పింది సాబే. పన్నెండు బోరు తూటాలు మామయ్యా ఆయనా ఒకప్పుడు పీటల మీద కూర్చుని నింపుకున్నవాళ్ళే.

రైఫిలు తూటా అంత తేలిక కాదు. పేలినప్పుడు ఇత్తడి ఉబ్బుతుంది. కాలిన క్యాపు తీసేసి, గొట్టాన్ని ఉక్కు అచ్చులో నొక్కి మళ్ళీ కొలతకి తేవాలి. కొత్త క్యాపు పెట్టి, మందు గ్రెయిన్లలో తూచి పోసి, గుండు కూర్చాలి. మందు కాస్త ఎక్కువైతే తుపాకి మొహం మీదే పగలొచ్చు. మాగ్నమ్‌కి ఇంకో బాధ ఉంది: అడుగున ఉండే ఇత్తడి పట్టీకి కాస్త పైన గొట్టం సాగి, కొన్నిసార్లు నింపాక చీలుతుంది. పైగా పాత ఇంగ్లీషు తూటాల్లో బెర్డాన్ పద్ధతి ఉంటుంది. నిప్పు పోయే రంధ్రాలు రెండుంటాయి, సూది పెట్టి పాత క్యాపుని నెట్టడం కుదరదు. “ఖోకాలు నలభై ఉన్నయి, ఒక్కటీ పనికి రాదు,” అనేవాడు సాబ్. తయారుచేసిన కైనాక్ కంపెనీ పెద్ద వేట తూటాలు చేయడం అప్పటికే మానేసింది. మన ఖడ్కీ కర్మాగారంలో .315, పన్నెండు బోరు చేస్తారు, ఇది చేయరు. 1980ల మధ్యలో దిగుమతులకీ తలుపులు మూసుకున్నాయి.

1994లో నేను అమెరికా నుంచి సెలవుకి వస్తున్నానని తెలిసి, మామయ్య చేత ఫోన్ చేయించాడు. ఒక చిన్న ప్రెస్సు, .375 అచ్చులు, ఇరవై గొట్టాలు కావాలి. నేనుండే ఊళ్ళో అవన్నీ చేపల గాలాల పక్కన అమ్ముతారు. కొందామనే అనుకున్నాను. ఎందుకైనా మంచిదని మన 1959 ఆయుధాల చట్టం తిరగేశాను. అందులో ‘అమ్యూనిషన్’ నిర్వచనంలోకి తూటా విడి భాగాలు, తూటాలు చేసే యంత్రాలు కూడా వస్తాయి. మందు రవ్వంత లేకపోయినా, ఆ ఇనప ప్రెస్సు కూడా చట్టం దృష్టిలో తూటాయే. లిట్టన్ పోయాడు కానీ ఆయన జాగ్రత్త పోలేదు.

తీసుకెళ్ళలేదు. బదులుగా తూటాలు నింపడం నేర్పే లావుపాటి పుస్తకం ఒకటి పట్టుకెళ్ళాను. సాబ్ దాన్ని తిప్పి చూసి, “వంటల పుస్తకం తెచ్చినవ్ బేటా, బియ్యం తేలేదు,” అన్నాడు. కోపంగా కాదు. మామయ్య మాత్రం “ముసలాయన అడిగిందల్లా అదొక్కటేరా,” అని రెండ్రోజులు సరిగ్గా మాట్లాడలేదు.

సాబ్ వేటకి పోదామని అడగలేదు. 1972 వన్యప్రాణి చట్టంతో ఆ రోజులు ముగిశాయని ఆయనకి తెలుసు, అది మంచిదే అనేవాడు కూడా. నేనూ అంతే అంటాను. అమ్రాబాద్‌లో పులి మిగిలిందంటే కొన్ని తుపాకులు ఆకలితో ఉండబట్టే. ఇంటింటా తూటాలు చేసుకునే దేశం ఎలా ఉంటుందో అమెరికాలో చూస్తూనే ఉన్నాను. ఆయన పోయాక ఇంట్లోవాళ్ళు రైఫిలుని, ఆ నాలుగు తూటాలని చట్టప్రకారం అప్పజెప్పారు. పుస్తకం నాకు తిరిగొచ్చింది. .375 పేజీల్లో అంచుల నిండా పెన్సిలుతో ఉర్దూ అంకెలు: ప్రతి బరువునీ గ్రెయిన్ల నుంచి రత్తీల్లోకి, తులాల్లోకి మార్చి రాసుకున్నాడు. ఒక్క తూటా కూడా నింపలేని మనిషి అన్ని లెక్కలూ పూర్తిచేసి పెట్టుకున్నాడు.

ఈసారి వెళ్ళినప్పుడు అబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాలు చూసుకుని గన్‌ఫౌండ్రీ దాకా నడిచాను. ఫిరంగి ఎక్కడ పోసేవారో చెప్పగలిగే వాళ్ళు ఎవరూ దొరకలేదు. ఆయుధాల చరిత్ర రాసేవాళ్ళు తుపాకుల గురించి, యుద్ధాల గురించి రాస్తారు. రేమాఁ కొలిమి ఆర్పినప్పుడూ, .450 నిషేధించినప్పుడూ, ప్రెస్సుని తూటాగా లెక్కేసినప్పుడూ పాలకుల కన్ను మందు-గుండు కలిసే చోటు మీదే ఉంది. చేతిలో తుపాకి ఉండనిచ్చినా, కలిపే విద్యని మాత్రం ఎవరూ ఉండనివ్వలేదు. అది సరైనదే కావచ్చు. సాబ్ పెన్సిలు అంకెలు చూసినప్పుడు మాత్రం, ప్రెస్సు తేలేదని నేను చెప్పిన రోజు ఆయన మొహమే గుర్తొస్తుంది.