రెండున్నర నిమిషాల మాట, అయిదేళ్ల వ్యాజ్యం

1971 డిసెంబర్ 6న అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్ర రాజధాని మాడిసన్‌లో స్కూల్ బోర్డు బహిరంగ సమావేశం జరిగింది. ఎజెండాలో కొంత సమయం జనానికి కేటాయించారు. ఆ సమయంలో ఎవరైనా లేచి తమ మాట చెప్పుకోవచ్చు. టీచర్ల సంఘంలో సభ్యత్వం లేని ఓ టీచర్ లేచి, సుమారు రెండున్నర నిమిషాలు మాట్లాడి కూర్చున్నాడు. ఆ కాస్త మాట మీద వేసిన ఫిర్యాదు దాదాపు అయిదేళ్లు నడిచి, అమెరికా సుప్రీంకోర్టులో గాని తేలలేదు.

ఆయన మాట్లాడింది టీచర్ల సంఘానికీ బోర్డుకూ మధ్య కుదరబోతున్న ఒప్పందం గురించి. మన దగ్గర ప్రభుత్వ టీచర్ల జీతాలు పీఆర్సీ సిఫార్సుల మీద రాష్ట్రమంతటికీ ఒకేసారి తేలతాయి. కాబట్టి సంఘాల తగవంతా రాష్ట్ర ప్రభుత్వంతోనే. 2022 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ ఉద్యోగులు, టీచర్లు ‘చలో విజయవాడ’ అన్నారే గాని, ఏ పురపాలక సంఘం తలుపూ తట్టలేదు. అమెరికాలో అలా కాదు. ఏ ఊరి బడులు ఆ ఊరి బోర్డువే. బోర్డు సభ్యుల్ని చాలాచోట్ల ఊరివాళ్లే ఎన్నుకుంటారు, ఆస్తి పన్నులో పెద్ద భాగం బడులకే పోతుంది. బేరం నాలుగు గోడల మధ్య జరిగినా, డబ్బు కట్టేవాళ్లు బయట ఎదురుచూస్తుంటారు.

ఈ వివాదం మాడిసన్‌లో పుట్టడం కాకతాళీయమేమీ కాదు. ఇప్పుడు ఆఫ్‌స్మీ అని పిలిచే ప్రభుత్వోద్యోగుల మహా సంఘం 1932లో మొలకెత్తింది ఆ ఊళ్లోనే. స్థానిక సంస్థల ఉద్యోగులకు సంఘం పెట్టుకుని బేరమాడే హక్కును చట్టంగా ఇచ్చిన మొదటి రాష్ట్రం కూడా విస్కాన్సినే. 1959లో గవర్నర్ గేలార్డ్ నెల్సన్ ఆ చట్టం మీద సంతకం పెట్టారు. ఆ హక్కులోని కీలకం ఒక్కటే: ఎక్కువమంది ఎన్నుకున్న సంఘమే అందరి తరఫునా ఏకైక ప్రతినిధి. యజమాని ఇంకెవరితోనూ విడిగా బేరం పెట్టకూడదు.

1971లో మాడిసన్ టీచర్ల సంఘం బోర్డు ముందు పెట్టిన కోరికల్లో రెండు ముళ్లలా నిలిచాయి. ఒకటి, టీచర్ల తొలగింపులపై ఇరుపక్షాలూ కట్టుబడాల్సిన మధ్యవర్తి తీర్పు. రెండోది ‘న్యాయమైన వాటా’: బేరం ఫలితం అందరికీ అందుతుంది గనక, సభ్యులు కానివారు కూడా దాని ఖర్చుకు చందా కట్టాలి. రాష్ట్ర చట్టం దీన్ని అనుమతించింది, బోర్డు మాత్రం ససేమిరా అంది. నవంబర్‌లో చర్చలు ఆగిపోయాయి. అదే నెలలో సభ్యులు కాని ఇద్దరు టీచర్లు, వాటా నిబంధన వద్దంటూ జిల్లాలోని టీచర్లందరికీ ఉత్తరాలు పంపారు. రెండు వందల జవాబులు వచ్చాయి, ఎక్కువ భాగం వాళ్ల మాటకు అనుకూలమే. దాంతో అర్జీ తయారైంది: నిష్పాక్షిక కమిటీ పరిశీలించేదాకా ఈ నిబంధనను ఏడాది వాయిదా వేయండి.

ఇక ఆ డిసెంబర్ సమావేశం. ముందుగా సంఘ అధ్యక్షుడు మాట్లాడి, ఒప్పందం త్వరగా తేల్చమంటూ 1,300 మందికి పైగా టీచర్ల సంతకాలు అందించాడు. ఆ తర్వాతే, ఉత్తరాలు పంపిన ఇద్దరిలో ఒకరైన మన టీచర్ వంతు. మాట్లాడవద్దని సంఘ ప్రతినిధి ఆయనకు నచ్చజెప్పబోయాడు, అవకాశమే ఇవ్వొద్దని ఓ బోర్డు సభ్యుణ్నీ అడిగాడు. రెండూ ఫలించలేదు. తాను 49 బడుల్లోని 72 మంది టీచర్ల తరఫున వచ్చానని ఆయన చెప్పాడు. అర్జీ చదివాడు. అప్పటికి లెక్క తెలిసిన 31 బడుల్లో 53 శాతం మంది సంతకం పెట్టారన్నాడు. ఏ ప్రత్యామ్నాయాలున్నాయో టీచర్లకూ, అంతకన్నా ముఖ్యంగా జనానికీ స్పష్టంగా చెప్పమని కోరి కూర్చున్నాడు.

ఆ రాత్రే బోర్డు తలుపులు మూసుకుని సమావేశమైంది. సంఘం కోరికలన్నీ ఒప్పుకుంది, వాటా ఒక్కటి తప్ప. మర్నాడు సంఘం సరేనంది, డిసెంబర్ 14న సంతకాలయ్యాయి. ఆ రెండున్నర నిమిషాలే వాటాను మింగాయా? బోర్డు మొదటినుంచీ దానికి అడ్డమే గనక అలా తేల్చేయలేం. అయినా సంఘం కంట్లో అది నలుసై కూర్చుంది. 1972 జనవరిలో రాష్ట్ర ఉపాధి సంబంధాల కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. సభ్యుడు కాని టీచర్‌ను మాట్లాడనివ్వడమంటే సంఘాన్ని పక్కనపెట్టి అతనితో బేరమాడినట్టేనని వాదన.

ఈ వాదనను కొట్టిపారేయడం తేలిక, కానీ న్యాయం కాదు. సంఘాలు లేని రోజుల్లో యాజమాన్యాలు ఒక్కో ఉద్యోగినీ విడిగా పిలిచి, ఒకరి మీదికి ఒకర్ని ఉసిగొల్పి పని కానిచ్చుకున్న చరిత్ర ఉంది. ఏకైక ప్రతినిధి అనే సూత్రం అక్కడి నుంచే వచ్చింది. కమిషన్ మాత్రం మోతాదు మించి మందు వేసింది. బేరానికి సంబంధించిన విషయాలపై సంఘ ప్రతినిధులు తప్ప ఏ టీచరూ బోర్డు సమావేశాల్లో మాట్లాడకూడదని ఆదేశించింది. బడిలో బేరానికి సంబంధం లేని విషయం ఎంతని దొరుకుతుంది? రాష్ట్ర సుప్రీంకోర్టు కూడా ఈ ఆదేశాన్నే సమర్థించింది.

1976 డిసెంబర్ 8న అమెరికా సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ప్రధాన న్యాయమూర్తి వారెన్ బర్గర్ తర్కం సూటిగా ఉంది: ఆ టీచర్‌కు బోర్డుతో ఒప్పందం చేసుకునే అధికారమూ లేదు, ఆ ప్రయత్నమూ చేయలేదు. అందరికీ తలుపులు తెరిచిన సభలో పౌరుడిగా మాట్లాడాడు. సభను జనానికి తెరిచాక, ఉద్యోగాన్ని బట్టీ చెప్పబోయే మాటను బట్టీ ఒకరిని ఆపడం కుదరదు. స్కూల్ బోర్డు నిధుల ఖర్చును విమర్శిస్తూ పత్రికకు ఉత్తరం రాసి ఉద్యోగం పోగొట్టుకున్న ఇలినాయ్ టీచర్ పికరింగ్ కేసులో 1968లో ఇచ్చిన తీర్పు దీనికి దారి వేసింది.

అయితే మాట్లాడే హక్కు వేరు, వినిపించుకునే హక్కు వేరు. 1984లో మిన్నెసోటా కమ్యూనిటీ కాలేజీ అధ్యాపకుల కేసులో అదే కోర్టు 6–3 మెజారిటీతో ఈ గీత గీసింది. సంఘంతో యాజమాన్యం జరిపే సమావేశాల్లో తమనూ కూర్చోబెట్టాలని, తమ మాట వినాలని సభ్యులు కానివారు పట్టుబట్టలేరంది. ఇంకో దారి కాలిఫోర్నియాది. 1975 నాటి రోడా చట్టం ప్రకారం సంఘమూ బోర్డూ తమ తొలి ప్రతిపాదనలను బహిరంగ సభలోనే పెట్టాలి. జనం వాటిని చదివి అభిప్రాయం చెప్పే వ్యవధి ఇవ్వకుండా బేరం మొదలెట్టకూడదు. ముగిశాక అరిచే బదులు ముందే అడిగే వీలు కల్పించడం మెరుగైన పద్ధతే.

మాడిసన్‌లో ఈ కథకు మరో మలుపు 2011లో వచ్చింది. గవర్నర్ స్కాట్ వాకర్ తెచ్చిన బిల్లు, బేరాన్ని మూల వేతనానికే, అదీ ధరల పెరుగుదల పరిమితిలోనే, కుదించేసింది. ‘న్యాయమైన వాటా’ను నిషేధించింది. ఫిబ్రవరిలో శాసనసభ ఆర్థిక కమిటీ విచారణకు జనం వరసకట్టారు. మాట్లాడే సమయం తలా రెండు నిమిషాలు. అర్ధరాత్రి దాటాక రిపబ్లికన్లు విచారణ ముగించినా, డెమొక్రాట్ సభ్యులు అక్కడే కూర్చుని వింటూనే ఉన్నారు. వినేవాళ్లున్నంతసేపూ భవనం మూయలేరు గనక ఆందోళనకారులకు అది ఆసరా అయింది. టీచర్లు మూకుమ్మడిగా సెలవు పెట్టడంతో బడులు మూతపడ్డాయి. మార్చి 11న బిల్లు చట్టమైంది. 2018లో జానస్ కేసులో సుప్రీంకోర్టు, సభ్యులు కాని ప్రభుత్వోద్యోగుల నుంచి వాటా వసూలు చేయడాన్ని దేశమంతటా రద్దు చేసింది. 1971లో ఆ టీచర్ ఏడాది వాయిదా మాత్రమే అడిగాడు.