గంజి వార్చే ముందు

పందొమ్మిదో శతాబ్దం చివరి నాటి మాట. బతావియాలో, అంటే నేటి జకార్తాలో, డచ్చి వైద్యుడు ఐక్‌మాన్ పెంచుతున్న కోళ్ళకు కాళ్ళు పడిపోయాయి. సైనిక ఆసుపత్రిలో మిగిలిన తెల్లన్నమే వాటి మేత. కొత్తగా వచ్చిన వంటవాడు సైనికుల అన్నాన్ని కోళ్ళకు పెట్టనన్నాడు. ఊక మాత్రమే తీసిన ముడిబియ్యం పెట్టసాగిన తరువాత కోళ్ళు కోలుకున్నాయి. ఐక్‌మాన్‌కు 1929లో నోబెల్ బహుమతి లభించింది. ఆ వంటవాడికీ అందులో వాటా ఉన్నదని నా అభిప్రాయం.

తవుడుతో పోతున్నది థయమిన్, అనగా బి1 విటమిన్. అది లోపిస్తే వచ్చేది బెరిబెరి. మన ఉత్తర సర్కారులలో, మరపట్టిన పచ్చిబియ్యం తినేచోట, ఆ వ్యాధి ఉండేది. ఉప్పుడు బియ్యం తినే తమిళ జిల్లాలలో అరుదు. ధాన్యాన్ని ఉడికించినప్పుడు పైపొరలోని విటమిన్ గింజలోకి చేరడమే కారణం.

థయమిన్ నీటిలో కరిగిపోతుంది. కాబట్టి బియ్యాన్ని పదేపదే కడగకండి. అత్తెసరు పెట్టండి, వార్చితే గంజిని పారబోయకండి. ముఖ్యంగా మీ ఇంట బాలింత ఉంటే, పథ్యం పేరిట తెల్లన్నం, కారప్పొడితో సరిపెట్టకండి. తల్లిపాలలో థయమిన్ తగ్గితే పసికందు గుండె దెబ్బతిని ప్రాణమే పోవచ్చు. ఆమెకు పప్పు, గుడ్డు, వేరుశనగలు పెట్టండి. బిడ్డ పాలు తాగక, గొంతు బొంగురుపోయి, ఆయాసపడుతుంటే తెల్లవారేదాకా ఆగవద్దు.